ఏటి అవతలి పత్రిక

1854వ సంవత్సరమున కెనడాలోని టొరొంటో నగరమునుండి వెలువడుచుండిన ఒక చిన్న వారపత్రికకు వచ్చు ఉత్తరములపై తఱచు "మిస్టర్ ఎం. ఏ. షాడ్ గారికి" అను చిరునామాయే కానవచ్చుచుండెను. సంపాదకీయమును శ్లాఘించువారును, దానిని చదివి మండిపడువారును తక్కిన విషయములలో ఎంత భిన్నాభిప్రాయులైనను, ఇంత నిష్కర్షగా వ్రాయగల లేఖిని, ఇంత మొగమోటము లేక ఖండింపగల లేఖిని పురుషునిదే యై యుండవలెనను నమ్మకమున మాత్రము ఏకగ్రీవముగా నుండిరి. ఆ యేడు ఆగస్టు నెలలో పత్రికయందు ఒక చిన్న సవరణ ప్రకటింపబడెను: తమకు ఈ మిస్టరు బిరుదము రుచింపదనియు, ఇకమీదట పొరపాటు జరుగకుండుటకై పేరును పూర్తిగా తెలుపుచున్నామనియు దాని సారాంశము. ఆ పూర్తి పేరు మేరీ ఏ. షాడ్. ముప్పదియేండ్ల వయస్సు, అవివాహిత, మూడేండ్ల క్రిందట అమెరికా సంయుక్త రాష్ట్రములనుండి వలసవచ్చిన ఉపాధ్యాయిని, ఉత్తర అమెరికా ఖండమున వార్తాపత్రికను స్థాపించి, ప్రచురించి, సంపాదకత్వము వహించిన మొట్టమొదటి నల్లజాతి వనిత.

ఆమె కథను చెప్పువారు సాధారణముగా ఆమె ధైర్యమును, వాగ్ధాటిని వర్ణించి తృప్తి నొందుదురు. అవి రెండును ఆమెకు పుష్కలముగా నుండిన మాట నిజమే. కాని పత్రికను నడపుట యనునది సాహసముతో మాత్రమే సాగు వ్యవహారము కాదు. అచ్చుకూటపు ఖర్చు, కాగితపు ధర, కంపోజిటర్ల జీతము, టపా రుసుము, ఇవి వారమువారమును తప్పక వచ్చి తలుపు తట్టునవి. పరుల దయాధర్మములమీద ఆధారపడరాదని, స్వావలంబనమే స్వాతంత్ర్యమునకు నిజమైన మార్గమని తన పత్రిక నెత్తిన అచ్చువేయించుకొన్న స్త్రీ ఆ పత్రికను బ్రదికించుటకై ఏమేమి చేయవలసి వచ్చెనో, ఎవరెవరి పేళ్లను అరువు తెచ్చుకొనవలసి వచ్చెనో, ఎన్ని గడపలు త్రొక్కవలసి వచ్చెనో పరిశీలించినప్పుడు గాని ఆమె జీవితముయొక్క అసలు స్వరూపము మనకు గోచరింపదు.

మేరీ ఆన్ షాడ్ 1823 అక్టోబరు 9వ తేదీన డెలావేరు రాష్ట్రమున విల్మింగ్టను పట్టణమున జన్మించెను. ఆ రాష్ట్రమున బానిసత్వము చట్టసమ్మతమే యైనను ఆమె తల్లిదండ్రులు స్వతంత్రులు. తండ్రి అబ్రహాము షాడ్ చెప్పులు కుట్టు వృత్తిచే గౌరవముగా జీవించినవాడు. బోస్టనులో విలియం లాయిడ్ గ్యారిసను నడపుచుండిన 'లిబరేటర్' అను బానిసత్వ వ్యతిరేక పత్రికకు ఏజెంటు. దక్షిణపు తోటలనుండి పాఱిపోయి వచ్చు బానిసలకు రహస్యముగా ఆశ్రయమిచ్చి తరువాతి మజిలీకి చేర్చుచుండినవాడు. పదుముగ్గురు బిడ్డలలో మేరీ జ్యేష్ఠురాలు. 1833లో తండ్రి స్వతంత్ర నల్లజాతీయుల జాతీయ మహాసభకు అధ్యక్షుడుగా ఎన్నుకొనబడెను; ఇంచుమించు ఆ కాలముననే కుటుంబము పెన్సిల్వేనియాలోని వెస్ట్ చెస్టరునకు తరలివెళ్లెను. అక్కడ క్వేకరు మతస్థుల బడిలో చదువుకొని, ఇంకను కౌమారము గడవకమునుపే మేరీ తానే పంతులమ్మ యై, విల్మింగ్టను మొదలు న్యూయార్కు వఱకు పెక్కు ఊళ్లలో పదియేండ్లకు పైగా నల్లజాతి పిల్లలకు చదువు చెప్పెను. పత్రిక యనగా అభిప్రాయములు మోసికొనివచ్చు కాగితము మాత్రమే కాదనియు, దానికి చందా వసూలు చేయువాడొకడు ఎక్కడనో తిరుగుచుండవలెననియు ఏజెంటుగారి బిడ్డ చిన్నతనముననే ఎఱిగియుండును.

ఆమె స్వభావము తొలి రచనలలోనే బయటపడినది. 1849లో ఫ్రెడరిక్ డగ్లసు పత్రిక యైన 'నార్త్ స్టార్'కు వ్రాసిన లేఖలో, మన నాయకులు ఏండ్ల తరబడి సభలు చేయుచున్నారు, తీర్మానములు చదువుచున్నారు, మాట తగ్గించి పని హెచ్చించిన బాగుండునని ఆమె మందలించెను. మందలింపబడినవారిలో ఆమె తండ్రి తరమువారందఱును ఉండిరి. వ్యవసాయము చేయుడు, చేతివృత్తులు నేర్చుకొనుడు, ఉన్నదానికి మించిన ఆడంబరములు మానుడు, చదువులేని మతాచార్యుల చేతిలో మీ బుద్ధిని తాకట్టు పెట్టకుడు: ఇవి యామె హితోక్తులు. ఇరువదియైదేండ్ల పంతులమ్మనుండి ఇట్టి మాటలు వినుటకు ఆనాటి పెద్దలు సంతోషించిరని చెప్పజాలము.

మఱుసటి యేడు సెప్టెంబరులో అమెరికా కాంగ్రెసు పలాయిత దాసుల శాసనమును ఆమోదించెను. పట్టుబడినవానికి తన తరఫున తాను సాక్ష్యము చెప్పుకొను హక్కు లేదు. జూరీ విచారణ లేదు. ఆశ్రయమిచ్చినవారికి వేయి డాలర్ల వఱకు జుల్మానా, ఆఱు నెలల వఱకు ఖైదు. విచారణ జరుపు కమిషనరు ఆ మనిషి బానిసయే యని తేల్చినచో పది డాలర్లును, కాదని విడిచిపెట్టినచో అయిదు డాలర్లును ప్రతిఫలముగా పుచ్చుకొనును. మొదటిదానికి వ్రాతకోతలు ఎక్కువ గనుక రుసుమును ఎక్కువ యని శాసనకర్తల సమర్థన! న్యాయమునకు వెల కట్టిన రాజ్యములు చరిత్రలో కొన్ని కలవు గాని, అన్యాయమునకు సరిగా రెట్టింపు వెల యని చట్టములోనే వ్రాసిపెట్టుకొన్న రాజ్యము మఱొకటి నాకు తోచుట లేదు. ఈ చట్టముచేత పాఱిపోయి వచ్చినవారికే కాదు, పుట్టుకచేత స్వతంత్రులైన షాడ్ కుటుంబమువంటివారికిని కంటికి కునుకు కరవయ్యెను. ఎవడో యొకడు వచ్చి వీడు నావాడని ప్రమాణము చేసినచో కాదని ఋజువు చేసికొను దారి వారికిని మూసికొనిపోయెను.

డెట్రాయిటు నగరమునకు ఎదురుగా, మైలు వెడల్పైనను లేని నదికి ఆవలి యొడ్డున విండ్సరు గ్రామము. అది బ్రిటిషు సామ్రాజ్యములోనిది. అక్కడ 1834 ఆగస్టు 1వ తేదీతోనే బానిసత్వము రద్దయినది. స్వేచ్ఛకొఱకు ధ్రువనక్షత్రమును చూచుకొనుచు ఉత్తరముగా నడచి వచ్చినవారు ఆ తావున మాత్రము నది వంపు తిరుగుటచేత దక్షిణముగా దాటి కెనడాలో అడుగిడవలసి వచ్చుట భూగోళపు చమత్కారము. 1851 సెప్టెంబరులో టొరొంటో నగరమున జరిగిన నల్లజాతి మహాసభకు వెళ్లిన మేరీ ఆన్, అక్కడ హెన్రీ బిబ్బు, మేరీ బిబ్బు దంపతులను కలిసికొనెను. హెన్రీ బిబ్బు కెంటకీ దాస్యమునుండి తప్పించుకొని వచ్చి ఆత్మకథ వ్రాసి ప్రసిద్ధి కెక్కినవాడు. ఆ యేడు జనవరినుండియే కెనడాలో 'వాయిస్ ఆఫ్ ది ఫ్యూజిటివ్' అను పత్రికను నడపుచున్నవాడు. విండ్సరున శరణార్థుల పిల్లలకు బడి లేదు, నీవు రావలెనని వారు ప్రోత్సహించిరి. ఆమె వెళ్లెను. ఆ ప్రోత్సాహమునకు వారు తరువాత ఎంత పశ్చాత్తాపపడిరో మనము ఊహించుకొనవచ్చును.

1812 నాటి యుద్ధకాలపు పాత సైనిక బారకులలో, ఈదురుగాలి దూరు గోడలమధ్య ఆమె బడి మొదలిడెను. పగలు పిల్లలకు, రాత్రి పెద్దలకు పాఠములు. తల్లిదండ్రులు స్వల్పముగా నైనను జీతము చెల్లింపవలెనని నియమము. ఊరక వచ్చిన చదువు ఊరకయే పోవునని ఆమె నమ్మకము. కాని మొన్న కట్టుగుడ్డలతో ఏఱు దాటినవాడు ఏమి చెల్లింపగలడు? అందుచేత అమెరికను మిషనరీ అసోసియేషను అను సంస్థనుండి ఏటికి 125 డాలర్ల సహాయమును ఆమె అంగీకరింపవలసి వచ్చెను. 1850 నాటి కెనడా పాఠశాలల చట్టము నల్లజాతివారికి ప్రత్యేకపు బడులు పెట్టుటకు వీలు కల్పించినది. ఆమె మాత్రము తన బడి ఏ వర్ణమువారికైనను తెఱచియే యుండునని ప్రకటించెను. తమను వేఱుపఱచు గోడను తామే కట్టుకొనుట కొఱకా ఇంతదూరము వచ్చినది? అని ఆమె ప్రశ్న.

1852లో ఆమె డెట్రాయిటులో అచ్చువేయించిన నలువదినాలుగు పుటల చిన్న పుస్తకము నాకు ఆమె ప్రసంగములకంటె ఎక్కువ ఆసక్తికరముగా తోచును. 'ఎ ప్లీ ఫర్ ఎమిగ్రేషన్' అని దానిపేరు; వలసపోదము రండు అని దాని పిలుపు. కాని పిలుపులో కన్నీళ్లు లేవు, వర్ణనలు లేవు. కెనడా వెస్టులో చలి ఎట్లుండును, నేల ఎట్టిది, ఏ పంట పండును, అడవిలో ఏ కలప దొరకును, ఎకరము ధర యెంత, కూలి యెంత, ఏ వృత్తివానికి పని దొరకును, ఓటు హక్కు ఎవరికుండును, చర్చీలలోను బడులలోను వర్ణభేదము ఎంతమాత్రము కలదు: ఇవి శీర్షికలు. ప్రయాణమునకు మూట కట్టుకొను ముందు మనిషి అడుగు ప్రశ్న లన్నిటికిని వరుసగా సమాధానములు. మెక్సికో, వెస్టిండీసు, వాంకోవరు ద్వీపము ఇవికూడ తూచి చూచెను. వాదమును వెలల పట్టికతో నిరూపించు ఈ పద్ధతి, పత్రికారచనకు పుట్టినచేయి పట్టుకొన్న కలమునకే సాధ్యము.

ఇంతలో బిబ్బు దంపతులతో కలహము ముదిరెను. వారును మఱికొందఱును కలిసి శరణార్థులకు భూములు పంచుటకై ఒక సంఘము పెట్టి, దానికై అమెరికాలో ఏజెంట్లచేత విరాళములు పోగు చేయించుచుండిరి. వసూలయిన సొమ్ములో ఏజెంట్ల వాటా ఎక్కువ, భూమి పొందినవారు తక్కువ యని షాడ్ ఆరోపణ. అంతకంటె ముఖ్యముగా, కెనడాలో మేము అన్నవస్త్రములు లేక అలమటించుచున్నామని ఊరూర చాటి బిచ్చమెత్తుట స్వశక్తితో బ్రదుకుచున్న వేలమంది పరువు తీయుటయే యని ఆమె వాదము. బిబ్బు తన పత్రికలో ప్రత్యుత్తరమిచ్చెను. ఇతరుల సహాయమును నిరసించు ఈ పంతులమ్మ తానే మిషనరీ సంస్థనుండి గుప్తముగా జీతము పుచ్చుకొనుచున్నదని బయటపెట్టెను. ఆ దెబ్బ సూటిగా తగిలెను. నిష్పక్షపాతముగా చెప్పవలెనన్నచో ఇరువురియందును కొంత న్యాయమున్నది. అప్పుడే వచ్చి చలిలో వణకుచున్నవానికి దుప్పటి యిచ్చుట బిచ్చము కాదని బిబ్బు ఎఱుగును, ఏలయన తాను ఒకనాడు ఆ వణకినవాడే; స్వతంత్రురాలుగా పుట్టిన షాడ్‌కు ఆ అనుభవము లేదు. కాని లెక్కలు అడిగినవారిని ద్రోహులని నిందించు సంఘముల విషయమున ఆమె అనుమానము ఏ కాలమునకైనను చెల్లునదే.

కలహములో ఆమెకు కలిగిన నష్టము రెండు విధములు. బిబ్బుకు పత్రిక కలదు, ఆమెకు లేదు. అతడు వారము తప్పి వారము అచ్చువేసిన దానికి ఆమె ఉత్తరములు వ్రాసికొని తృప్తిపడవలసినదే. ఇక 1853 మొదటిలో మిషనరీ సంస్థ ఆమెకిచ్చు సహాయమును నిలిపివైచెను; మతవిషయకముగా ఆమె అభిప్రాయములు తమకు సరిపడవని వారు చెప్పిన కారణము. జీతము పోయిన తరువాత మఱియొక జీతమును వెదకికొనుట లోకవ్యవహారము. ఆమె పత్రిక పెట్టెను.

1853 మార్చి 24వ తేదీన విండ్సరునుండి 'ప్రొవిన్షియల్ ఫ్రీమన్' తొలి సంచిక వెలువడెను. సంపాదకుడుగా ప్రకటింపబడినవాడు సామ్యుయేలు రింగ్‌గోల్డు వార్డు. శైశవమున తల్లిదండ్రులతో మేరీలాండు దాస్యమునుండి తప్పించుకొని వచ్చి, మతాచార్యుడై, ఉభయ దేశములందును గొప్ప వక్తగా పేరొందినవాడు. ఆయన పేరు చూచి చందాదారులు చేరుదురు. ఆడుదాని పేరు చూచినచో వెనుదీయుదురు. ఈ సంగతి ఆమెకు ఎవరును చెప్పనక్కరలేకపోయెను. మఱుసటి నెలలోనే వార్డు బ్రిటనుకు ప్రయాణమై పోయెను. పత్రికకు ఆయన ఇచ్చినది పేరు, పని యంతయు ఆమెది. ఆ యొక్క సంచిక నమూనా మాత్రమే. దానిని చేతబట్టుకొని ఆమె ఒక సంవత్సరము ఉపన్యాసములిచ్చుచు, చందాలు కట్టించుచు తిరిగి, చాలినంత మూలధనము చేరినదని తోచిన పిమ్మట, 1854 మార్చి 25వ తేదీనుండి టొరొంటోలో వారపత్రికగా క్రమముగా ప్రచురింప నారంభించెను. ఇప్పటి వ్యాపారవేత్తలు ముందు నమూనా చూపి పెట్టుబడి సేకరించుట తమ తరమువారు కనిపెట్టిన విద్య యని తలంతురు.

ఆ పత్రికలో బానిసత్వ ఖండనము, మద్యపాన నిషేధము, సాహిత్యము అను మూడు ధ్యేయములు ముఖపత్రముననే చాటబడెను. కాని సంచికలు తిరుగవేసినచో ప్రకటనలు చదువుటలో నాకు కలుగు ఆనందము సంపాదకీయములలో కలుగదు. వర్జీనియానుండి వచ్చి టొరొంటోలో వైద్యము చదువుచు యంగ్ వీధిలో మందుల దుకాణము నడపుచుండిన అలెగ్జాండరు ఆగస్టా అందు ప్రకటన వేయించెను. అతడే తరువాత అమెరికా సైన్యమున ప్రథమ నల్లజాతి వైద్యాధికారి. అతని భార్య యార్కు వీధిలో స్త్రీల దుస్తులు కుట్టు దుకాణము తెఱచి ప్రకటించుకొనెను. బిచ్చమెత్తు శరణార్థులు అను మాటకు ఇంతకంటె బలమైన ఖండనము ఏ సంపాదకీయము వ్రాయగలదు? నల్లజాతివారు సరకులు అమ్ముచున్నారు, కొనుచున్నారు, అప్పులు తీర్చుచున్నారు అని ప్రకటనల పుట వారమువారమును సాక్ష్యము చెప్పుచుండెను. అదే పత్రిక కెనడాలోని వర్ణద్వేషమును దాచిపెట్టలేదు. శరణార్థుల నివాసమైన డాన్ కాలనీ ఆస్తుల నిర్వహణమును గూర్చి నల్లజాతి పెద్దలనే తప్పుబట్టుటకును వెనుకాడలేదు. స్నేహితుల సంఖ్య ఈ విధముగా తగ్గుచు వచ్చెను.

స్నేహితులు తగ్గినకొలదియు ఖజానా తగ్గును. ముందుగా చెల్లింపవలసిన చందా వెనుకబడియును రాకపోవుట పత్రికాలోకమున సనాతనధర్మము. చదువరులలో అధికభాగము అప్పుడే స్థిరపడుచున్నవారైనప్పుడు చెప్పవలసినదేమి? ఒక మతశాఖయో, ఒక ధనికసంఘమో వెనుక నిలిచిన పత్రికలు లోటును ఎట్లో పూడ్చుకొనును. 'ఫ్రీమన్' వెనుక ఎవరును లేరు. ఉన్నవారినందఱిని అది వంతులవారీగా విమర్శించినది. తుదకు 1854లో పత్రికకు తోడ్పడుటకై టొరొంటోలో 'ప్రొవిన్షియల్ యూనియను' అను సమాజము ఏర్పడెను. స్త్రీలు చేతిపనుల వస్తువులు సమకూర్చి సంతలు పెట్టి డబ్బు పోగుచేసిరి. అనగా విరాళముల సేకరణమును నిందించిన పత్రిక విరాళములచేత నిలిచెను. బిబ్బు నవ్వుకొనవలసినదే; కాని 1853 అక్టోబరులో అతని అచ్చుకూటము అగ్నికి ఆహుతి యయ్యెను, 1854లో అతడు అకాలమరణము పాలయ్యెను. షాడ్ ఈ వైరుధ్యమును ఎఱుగనిది కాదు. ఆమె సమాధానము ఒక్కటే: చందా కట్టినవాడు పత్రిక పుచ్చుకొనును, ఉపన్యాసమునకు వచ్చినవాడు ఉపన్యాసము వినును, ఇచ్చినదానికి బదులు దొరకినప్పుడు అది యాచన కాదు. వాదము నిలుచునో లేదో గాని, ఆ వాదమును నిలబెట్టుటకై ఆమె పడిన శ్రమ సామాన్యము కాదు. కార్యాలయమును చెల్లెలు అమీలియాకు అప్పగించి మిచిగను, ఒహైయో, పెన్సిల్వేనియా, ఇలినాయి ప్రాంతములలో రైళ్లమీదను బండ్లమీదను శీతకాలమంతయు తిరిగెను. ఇలినాయిలో బయటినుండి వచ్చిన నల్లజాతి మనిషి పదిదినములకు మించి నిలిచినచో జుల్మానా విధింపవలెనని 1853లో ఒక చట్టము చేయబడినది. చందాపుస్తకము చేత పట్టుకొన్న సంపాదకురాలికి ఆ చట్టము మినహాయింపు నీయలేదు.

పేరు బయటపడిన తరువాత ఏమి జరిగెనో చూడవలెను. ఆడుది పత్రిక నడపుటయా అను గుసగుసలు బహిరంగమయ్యెను, చందాలు మందగించెను. 1855 జూనులో ఆమె సంపాదకపీఠమును విలియం న్యూమను అను మతాచార్యునికి అప్పగించుచున్నట్లు ప్రకటించెను. ఆ మాసాంతమున వెలువడిన వీడ్కోలు సంపాదకీయములో, పురుషుని చేతిలో నున్నచో ఈ పత్రిక బాగుగా సాగునని తలంచినవారి కోరిక నెఱవేఱినదని కటువుగానే చెప్పి, నల్లజాతి స్త్రీలనుద్దేశించి మాత్రము, ఈ గట్టి మంచును మేము పగులగొట్టితిమి, ఇక మీరు నడచి రావచ్చునని వ్రాసెను. పీఠము వదలినది గాని పత్రికను వదలలేదు. తక్కువ ఖర్చుతో నడచునని కార్యాలయమును చాథం పట్టణమునకు మార్పించెను. అక్కడ నల్లజాతి జనాభాయు హెచ్చు. మఱుసటి యేటికి తమ్ముడు ఐజాకు షాడ్, చికాగోనుండి వచ్చిన హెచ్. ఫోర్డు డగ్లసులతోబాటు ఆమె పేరు మరల సంపాదకవర్గములో కనబడెను.

1855 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో నల్లజాతీయుల జాతీయ మహాసభ జరిగెను. కెనడా ప్రతినిధిగా ఆమె వెళ్లెను. స్త్రీకి ఆసనమీయవచ్చునా అని పెద్ద చర్చ జరిగి, పిమ్మట వోట్లు లెక్కింపగా అనుకూలముగా 38, ప్రతికూలముగా 23 వచ్చెను. బానిసత్వ నిర్మూలనమునకై కూడిన సభలో ఇరువదిముగ్గురు ఆ విధముగా చేయెత్తిరి! ఆ సభలో పెక్కుమందికి వలసమాట గిట్టదు. దేశమును విడిచిపోవుట యనగా పోరాటమును విడిచిపోవుటయే యని ఫ్రెడరిక్ డగ్లసు మొదలగువారి సిద్ధాంతము. ఆమె లేచి కెనడాకు రండని మాటలాడెను. నియమితకాలము ముగిసినను ఇంకను వినవలెనని సభవారే కోరిరి. ఆమె వాదముతో ఏకీభవింపని డగ్లసు సైతము తన పత్రికలో ఆమె కార్యదీక్షను కొనియాడెను.

1856 జనవరిలో ఆమె టొరొంటో నగరవాసి యైన థామసు కేరీని వివాహమాడెను. ఆయన క్షౌరశాల నడపు వ్యాపారి, విధురుడు, బిడ్డల తండ్రి. ఆయన వ్యాపారము టొరొంటోలో, ఆమె పత్రిక చాథములో. ఇద్దఱును తమ తమ పనులను మానలేదు. ఆనాటి దంపతులకు ఇది వింత యేర్పాటు. ఒక కూతురు, ఒక కొడుకు కలిగిరి. 1860లో కేరీ మరణించెను.

ఈలోపల తండ్రియు సకుటుంబముగా కెనడాకు వచ్చి బక్స్‌టను ప్రాంతమున వ్యవసాయము చేయుచుండెను. 1859లో అబ్రహాము షాడ్ రాలీ టౌన్‌షిప్పు సభకు ఎన్నికయ్యెను. కెనడాలో ప్రజలచేత ఎన్నుకొనబడిన మొదటి నల్లజాతి ప్రతినిధి ఆయనయే. వలసవచ్చిన చోట కేవలము బ్రదుకుట కాదు, పౌరుడుగా నిలువవలెనని కూతురు పత్రికలో వ్రాసిన దానిని తండ్రి ఆచరించి చూపెను.

1858 మే నెలలో బానిసత్వ విరోధి యైన జాను బ్రౌను చాథమునకు వచ్చి, వర్జీనియా కొండలలో బానిసల తిరుగుబాటు లేవదీయుటకై రహస్యసభలు జరిపెను. ఐజాకు షాడ్ ఆ సభలలో పాల్గొనెను. 'ఫ్రీమన్' అచ్చుకూటమున పనిచేయు ఆస్బర్న్ ఆండర్సను కూడ అక్కడనే బ్రౌను దళములో చేరెను. 1859 అక్టోబరు 16వ తేదీ రాత్రి హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారముపై ఆ దళము జరిపిన దాడిలో లోపలికి చొచ్చినవారిలో పెక్కుమంది హతులైరి, పట్టుబడినవారు ఉరికంబ మెక్కిరి. తప్పించుకొన్న నల్లజాతి యోధుడు ఆండర్సను ఒక్కడే. అతడు కెనడాకు తిరిగివచ్చి చెప్పిన వృత్తాంతము 1861లో పుస్తకముగా వెలువడెను. దానిని తీర్చి అచ్చుకు సిద్ధము చేయుటలో మేరీ ఆన్ తోడ్పడెను. నాకు ఆమె సంపాదకత్వమున అత్యంత విలువైన పని యిదియే యని తోచును. ఆమె సంపాదకీయములు లేకపోయినను బానిసత్వమునకు వ్యతిరేకముగా వాదించినవారు వేఱుగా కలరు. ఆ దాడిని లోపలనుండి చూచిన మనిషి మాట మాత్రము ఆ పుస్తకము లేకున్నచో మనకు దొరకదు.

పత్రిక 1857 తరువాత తడబడుచు తడబడుచు నడచి, ఆ దశాబ్దముతోడనే కనుమఱుగయ్యెను. ఒక్కనాడు ఆగినది కాదు. సంచికకు సంచికకు నడిమి వ్యవధి పెరుగుచు పోయి ఆగినది. అంతర్యుద్ధము వచ్చినప్పుడు ఆమె మరల ఏఱు దాటెను. చాథమున పొరుగువాడుగా నుండిన మార్టిను డెలానీ నల్లజాతి సైనికులను చేర్చు బాధ్యత వహించి ఆమెను పిలిచెను. 1864లో ఇండియానా గవర్నరు మోర్టను ఆమెకు ఆ పనికై అధికారపత్ర మిచ్చెను. చందాదారులను చేర్చుటకు ఊరూర తిరిగిన మార్గములలోనే ఆమె సైనికులను చేర్చెను.

యుద్ధానంతరము ఆమె అమెరికాలోనే స్థిరపడి, వాషింగ్టనులో పగలు బడులలో ప్రధానోపాధ్యాయినిగా పనిచేయుచు, 1869లో హావర్డు విశ్వవిద్యాలయపు న్యాయశాఖ తెఱువబడినప్పుడు సాయంకాలపు తరగతులలో చేరెను. పట్టా చేతికి వచ్చినది 1883లో. అప్పటికి ఆమెకు అఱువదియవ యేడు. 1871లో వోటరుగా నమోదు చేసికొనుటకు వెళ్లిన స్త్రీలలో ఆమె యొకతె. 1874లో ప్రతినిధుల సభ న్యాయసంఘము ముందర స్త్రీల ఓటుహక్కును గూర్చి వాదించెను. డగ్లసు నడపిన 'న్యూ నేషనల్ ఎరా' పత్రికకు వ్యాసములు వ్రాసెను. కాని అది పరుల పత్రిక. 1893 జూను 5వ తేదీన వాషింగ్టనులోనే మరణించెను. ఆమె నివసించిన ఇల్లు డబ్ల్యూ వీధిలో నేటికిని కలదు. 1976లో ప్రభుత్వము దానిని జాతీయ చారిత్రక చిహ్నముగా గుర్తించెను.

ఈ కడపటి భాగమున నన్ను ఎక్కువగా ఆకర్షించునది న్యాయపట్టాయు కాదు, సభలలో వాదనయు కాదు. 1880 ఫిబ్రవరిలో, ఏబదియాఱేండ్ల వయస్సున, ఆమె వాషింగ్టనులో నల్లజాతి స్త్రీల ఓటుహక్కు సంఘమొకటి స్థాపించి దాని ఉద్దేశములను వరుసగా వ్రాసిపెట్టెను. ఓటు అందులో ఒకటి. పరిశ్రమలును వ్యాపారములును ఆరంభించి నడపుట పురుషులకే చెల్లునను భావమును ఎదిరించుట మఱొకటి. వాటాల కంపెనీ యొకటి పెట్టవలెననియు, స్త్రీల యాజమాన్యమున ఒక వార్తాపత్రిక ఉండవలెననియు కూడ అందున్నది. సంఘము చిరకాలము నిలువలేదు, ఆ పత్రిక వెలువడలేదు. కాని నియమములలో ఒకదానిని వ్రాసినది ఎవరో చదువగనే తెలియును: ఈ వ్యాపారములలో పురుషులు చేరవచ్చును, అభ్యంతరము లేదు, పెత్తనము మాత్రము స్త్రీల చేతిలో నుండవలెను.